పావు గిన్నె పల్లినూనె

మణికట్టు నొప్పి వల్ల కేకులు మానేశానని ఇంతకాలం అందరికీ చెబుతూ వచ్చాను. నొప్పి ఉన్న మాట నిజమే. ఏళ్ల తరబడి పిండి కలిపి, క్రీము పూసి, బరువైన ట్రేలు ఎత్తిన చేతికి నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ నొప్పితోనే ఇంకో నాలుగైదేళ్లు చేసేదాన్ని. మానేయడానికి కారణం వేరే ఉంది.

ఉప్పల్‌లో మా ఇంటి ముందుగదిలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు హబ్సిగూడలో, నాగారంలో, చర్లపల్లిలో సొంతంగా ఆర్డర్లు తీసుకుంటున్నారు. మీ అందరికీ కొలతలు చెప్పాను. పొరలు పగలకుండా కోయడం చూపించాను. మే నెల ఎండలో క్రీము జారకుండా ఎలా నిలబెట్టాలో చెప్పాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. సిగ్గుపడి దాచాను. ఇప్పుడు రాస్తున్నాను.

నాచారం బేకరీ

మాది జనగామ పక్క పల్లె. మా ఆయనకు నాచారంలో ఫ్యాక్టరీ పని దొరికితే వచ్చాం. ఇంటికి దగ్గరలో ఒక బేకరీ ఉండేది. అక్కడ టిన్నులు కడిగే పనికి చేరాను. రెండేళ్లకు ఓనరు సుబ్బారావు గారు నన్ను కేకుల బల్ల దగ్గరికి పిలిచారు. ఆయనది గోదావరి జిల్లా. పనిలో ఆయనంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఓవెన్ తలుపు తీయకుండా వాసన బట్టే కేకు ఉడికిందో లేదో చెప్పేవారు.

నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే. "చల్లారకుండా క్రీము పూశావంటే పొర మీద పొర నిలవదమ్మా. నీ తొందర కేకుకేం తెలుసు?" అనేవారు. ముందు పల్చగా ఒక పూత పూసి, కేకు నుంచి రాలే పొట్టు అంతా దానికి అంటుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక అసలు పూత పూయాలని నేర్పింది ఆయనే. ఇంట్లో చేసేవాళ్లు చాలామంది ఆ మొదటి పూత దండగనుకుంటారు. అది వదిలేస్తే తెల్లటి క్రీములో గోధుమరంగు పొట్టు తేలుతుంది. ఇక ఎంత సర్దినా ఆ కేకు శుభ్రంగా కనపడదు.

ఆయన ఇంకోటి కూడా నేర్పారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన తన భార్య అరవయ్యో పుట్టినరోజుకు కేకు తీసుకెళ్లడానికి వచ్చారు. గుడ్డు లేని కేకు కావాలని ముందురోజే చెప్పి వెళ్లారు. ఆ ఆర్డరు కాగితం ఎక్కడో పడిపోయింది. లోపల ఉన్నవన్నీ గుడ్డు కేకులే. నేను భయపడుతూ వెళ్లి సుబ్బారావు గారికి చెప్పాను.

ఆయన ఒక గుడ్డు కేకు తీసి బల్ల మీద పెట్టారు. "క్రీము పూయి. పది నిమిషాల్లో ఇచ్చేద్దాం."

"సార్, ఆయన గుడ్డు తినరంట కదా."

"ఆయనకు తెలుస్తుందా? తెలియదు. తెలియనిది పాపం కాదు. ఇదిగో స్వరూపా, ఒకటి గుర్తుపెట్టుకో. కస్టమరు అడిగినదానికే జవాబు చెప్పాలి. అడగనిది మనమెందుకు చెప్పడం?"

పూశాను. పైన గులాబీలు కూడా వేశాను. పెద్దాయన డబ్బా మూత తీసి చూసి, "ఎంత ముద్దుగా చేసినవ్ బిడ్డా" అన్నారు. మళ్లీ మూడేళ్లు ప్రతి పండుగకూ వచ్చారు. ఏమీ జరగలేదు, ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఆయనకు తెలిసిపోయి నా మొహాన ఉమ్మి ఉంటే నాకు మంచి జరిగేది. తప్పు చేసి బయటపడకపోతే మనం దాన్ని తప్పుల లెక్కలోంచి తీసేస్తాం. నేను అలాగే తీసేశాను.

ఇంట్లో ఓవెన్

సుబ్బారావు గారు బేకరీ మూసేసి ఊరికి వెళ్లిపోయాక నేను ఉప్పల్‌లో ఇంట్లోనే మొదలుపెట్టాను. మూడో అంతస్తు. చిన్న ఓవెన్, పెద్ద ఫ్రిజ్. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక స్కూటరు మీద కేకులు ఇచ్చి వచ్చేవాడు.

ఇంట్లో చేసే కేకు మీద జనానికి ఒక నమ్మకం ఉంటుంది. బేకరీలో ఏం కలుపుతారోనని అనుమానపడే తల్లి, ఇంట్లో చేసే ఆడమనిషిని ఏమీ అడగదు. "అక్క ఇంట్లనే చేస్తది" అంటే చాలు. కానీ ఒక్క తేడా ఉంది. బేకరీలో బేకరీ సామాన్లే ఉంటాయి. ఇంట్లో మన వంట సామాన్లూ అదే గట్టు మీద ఉంటాయి. పప్పు పోపుకు వాడే సీసా, కేకులో పోసే సీసా పక్కపక్కనే ఉంటాయి.

కవిత నాచారంలో ఉంటుంది. ప్రైవేటు బడిలో టీచరు. భర్త శ్రీనివాస్‌కు చర్లపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగం. వాళ్లకు ఒక్కతే కూతురు, సహస్ర. శ్రీనివాస్ తల్లి లచ్చమ్మ కూడా వాళ్లతోనే ఉండేది. సహస్ర మొదటి పుట్టినరోజు నుంచీ కేకు నాదే. తొమ్మిదో పుట్టినరోజుకు వారం ముందు కవిత ఫోన్ చేసింది.

"అక్కా, ఈసారి మూడు పొరలు గావాల్నంట. మధ్యల స్ట్రాబెర్రీ, పైన ఊదా రంగు క్రీము. ఇంకోటి అక్కా, పోరికి పల్లీలు పడ్తలెవ్వు. ఎండకాలంల చిక్కి తింటే మూతి ఉబ్బి, దవాఖానాల పెట్టినం. జర చూసి చెయ్యి."

"కేకుల పల్లీల పనేందే? నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆర్డర్ల పుస్తకంలో ఆమె పేరు పక్కన 'పల్లీలు వద్దు' అని రాసుకున్నాను కూడా.

పుట్టినరోజు నాడు పొద్దున్నే పనికి కూర్చున్నాను. గుడ్లు, చక్కెర నురగ వచ్చేదాకా గిలకొట్టాను. పెరుగు కలిపాను. నూనె పోయబోతే పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ అడుగుకు వచ్చింది. ముప్పావు గిన్నే వచ్చింది. ఇంకో పావు గిన్నె తక్కువ.

కొట్టు కిందే ఉంది. లిఫ్టు పాడై నాలుగు రోజులైంది. మా ఆయన ఇంట్లో లేడు. గిలకొట్టిన గుడ్ల నురగ ఆగదు. మెట్లు దిగి ఎక్కి వచ్చేసరికి కూలబడిపోతుంది. పక్కన పల్లినూనె సీసా ఉంది. గానుగలో ఆడించిన నూనె, ఆరోగ్యానికి మంచిదని ఆ ఏడాదే వాడటం మొదలుపెట్టాం. సీసా చేతిలోకి తీసుకున్నాను.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. మర్చిపోయానని చెప్పుకుంటే సులువుగా ఉంటుంది. నేను మర్చిపోలేదు. సీసా వంచేటప్పుడు కవిత మాట గుర్తొచ్చింది. 'పల్లీలు కదా పడనిది, నూనెకు ఏమవుతుంది, అదీ పావు గిన్నె' అనుకున్నాను. ఫోను గట్టు మీదే ఉంది. అడిగితే అర నిమిషం. చేతికి పిండి ఉంది. పోసేశాను.

పొరలు బాగా పొంగాయి. చల్లారాక కోసి, చక్కెర పాకంతో తడిపి, మధ్యలో పండు పెట్టి, రెండు పూతలూ పూశాను. ఊదా రంగు సరిగ్గా కుదిరింది. ఆ ఏడాది నేను చేసినవాటిలో అదే అందమైన కేకు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నాను.

శ్రీనివాస్ ఫోన్

సాయంత్రం ఆరున్నరకు శ్రీనివాస్ ఫోన్ చేశాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు.

"అక్కా, కేకుల పల్లీలు గిట్ల ఏమన్న ఏసినవా?"

"ఏమైంది తమ్మీ?"

"పోరి దమ్ము తీస్తలేదు. ఐసీయూల పెట్టిన్రు. ఏం తిన్నదని డాక్టరు అడుగుతుండు. చెప్పు జల్ది."

నా నోట వచ్చిన మాట ఇది: "పల్లీలు ఎయ్యలే తమ్మీ."

అతను అడిగింది పల్లీల గురించి. నేను జవాబు చెప్పింది పల్లీల గురించి. సుబ్బారావు గారు నేర్పినట్టే అడిగినదానికే జవాబు చెప్పాను. ఫోన్ పెట్టేశాక గట్టు పట్టుకుని నిలబడ్డాను. వెంటనే మళ్లీ ఫోన్ చేసి చెప్పి ఉండవచ్చు. చేయలేదు. పోలీసులు వస్తారేమోనని, పేరు పోతుందేమోనని, ఇంకా ఏవేవో అనుకుంటూ కూర్చున్నాను. ఆ పిల్ల గురించి ఆలోచించింది వాటన్నిటి తర్వాతే.

సహస్ర మూడు రోజులు ఐసీయూలో ఉంది. బతికింది. ఆ మూడు రోజులూ నేను అన్నం ముట్టలేదు. మూడో రోజు మా ఆయనకు చెప్పాను.

"పోరి మంచిగైంది కదా. ఇప్పుడు చెప్తే ఏమొస్తది?" అన్నాడు.

ఆ మాట కోసమే ఆయనకు చెప్పానేమో. దాన్నే పట్టుకుని ఊరుకున్నాను.

మంచి పేరు

మూడు వారాలకు కవిత మా ఇంటికి వచ్చింది. తెలిసిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

"నువ్వొక్కదానివే అక్కా జాగ్రత్తగ చేసింది. మా ఇంట్లనే నాశనమైంది."

పార్టీకి తెచ్చిన మిక్చర్‌లో పల్లీలు ఉన్నాయి. మనవరాలికి తగలకూడదని లచ్చమ్మ కూర్చుని ఒక్కొక్క పల్లీ ఏరి పారేసింది. కేకు కోశాక సహస్రకు మొదటి ముక్క ఆమే తినిపించింది. పిల్లకు దగ్గు మొదలై, పెదాలు ఉబ్బి, ఊపిరి ఆడనప్పుడు అందరూ చూసింది ఆ చేతినే.

"సబ్బు పెట్టి కడిగిన అంటది. కడిగితే ఎట్లయితది అక్కా? పల్లీలు ముట్టిన చేతితోని బిడ్డ నోట్ల పెట్టింది. నాగారంల మా ఆడబిడ్డ ఇంటికి పంపినం. నా బిడ్డ దగ్గరికి మళ్ల రానియ్య."

నేను కవితకు మంచినీళ్లు ఇచ్చాను. అంతే.

అక్కడితో ఆగలేదు. ఏదో ఒక తిండి పడని పిల్లల తల్లులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కవిత అందులో నా పేరు పెట్టింది. 'స్వరూపక్క మస్తు జాగ్రత్తగ చేస్తది, నమ్మొచ్చు' అని రాసింది. ఆర్డర్లు రెండింతలయ్యాయి. పాలు పడని పిల్లలు, గోధుమ పడని పిల్లలు, జీడిపప్పు పడని పిల్లలు. నేను ఇంట్లోంచి పల్లీలు, జీడిపప్పు, నువ్వులు అన్నీ తీసేశాను. గిన్నెలు కొత్తవి కొన్నాను. ప్రతి ప్యాకెట్ వెనక అక్షరాలు అద్దాలు పెట్టుకుని చదివాను. ప్రతి తల్లికీ మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. ఆ రోజుల్లో నేను చేసినంత జాగ్రత్తగా ఎవరూ చేసి ఉండరు. పుట్టినరోజు జరిగే ప్రతి సాయంత్రం ఫోను ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎక్కడా ఏమీ జరగలేదు. నా పేరు ఇంకా పెరిగింది. నాగారంలో ఒక ముసలామె ఉందని తెలిసీ ఆ పేరు మీద బతికాను.

మీలో కొందరు నా దగ్గర చేరింది ఆ ఏడాదే.

నాగారం

పదో పుట్టినరోజుకు కవిత మళ్లీ ఫోన్ చేసింది. కేకు రంగు చెప్పి, ఎంతమంది వస్తారో చెప్పి, "అత్తమ్మను పిలుస్తలేను అక్కా. వస్తా వస్తా అని ఫోన్‌ల ఏడ్చింది. పోరి గుడ నానమ్మ గావాలని ఏడుస్తుంది. నాకే భయం" అంది.

ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కాను. శ్రీనివాస్ అక్క ఇల్లు నాగారంలో వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. లచ్చమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"కేకుల స్వరూప గదా? రా బిడ్డా, కూసో. పోరి మంచిగున్నదా?"

ఆమె కూతురు చాయ్ తెచ్చి, తల్లిని చూపిస్తూ అంది. "చూడక్కా ఆమె చేతులు. దినమంత కడుగుడే. ఎన్ని సబ్బులు కొన్నా చాలుతలెవ్వు. ఎవ్వరికీ ఓ చెంబు నీళ్లు గుడ ఇయ్యదు."

చూశాను. అరచేతులు పగిలి, వేళ్ల సందుల్లో నెత్తుటి గీతలున్నాయి.

నేను కింద కూర్చున్నాను. "పెద్దమ్మా, గది నీ చేతి వల్ల కాలే. కేకుల నేను పల్లినూనె పోసిన. నూనె తక్కువైతే పోసిన. పోరికి పడదని తెలిసే పోసిన. నాడు శ్రీనివాస్ అడిగితే దాచిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. కూతురు చాయ్ పళ్లెం కింద పెట్టేసింది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

లచ్చమ్మ తిట్టలేదు. "నేను సబ్బు పెట్టి కడిగిన బిడ్డా" అంది. "రెండుసార్లు కడిగిన. ఎవ్వలూ నమ్మలే. ఆఖరికి నాకే నమ్మకం పోయింది. కడిగిన్నా, కడగలేదా అని."

"కడిగినవ్ పెద్దమ్మా."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నా కొడుక్కి చెప్పు. ఇప్పుడే, నా ముంగట చెప్పు."

స్పీకర్ పెట్టి శ్రీనివాస్‌కు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. అవతల మిషన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి, "అమ్మ ఉన్నదా ఆడ?" అన్నాడు. లచ్చమ్మ "ఉన్న కొడకా" అంది. అతను ఫ్యాక్టరీలోనే అందరి ముందూ భోరుమన్నాడు. నేను ఫోను ఆమె పక్కన పెట్టి బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను.

తర్వాత

మర్నాడు కవిత వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కేసు పెడ్తమని భయపడ్డవా?" అంది.

"అవును."

"ఆ దినం దవాఖానాలనే చెప్తే, నేను నిన్ను తిట్టేదాన్ని, కొట్టేదాన్ని. నాలుగు దినాలకు మర్సిపోయేదాన్ని అక్కా. ఏడాది సంది మా అత్తను దొంగను చూసినట్టు చూసిన. ఆమె ఫోన్ జేస్తే పోరికి ఇయ్యలే. గది నాతోని చేపించినవ్ నువ్వు."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"గ్రూపుల నా మాట మీద నీ దగ్గరికొచ్చిన తల్లులున్నరు. వాళ్లకు నువ్వే చెప్పు. నేను చెప్ప" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. ఏం పోశానో, ఎందుకు పోశానో, ఎన్నాళ్లు దాచానో. ఒక్కరు తిట్టారు. మిగతావాళ్లు ఏమీ అనకుండా ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. ఓవెన్ తుడిచి అట్టపెట్టెలో పెట్టాను. బయటివాళ్లు అడిగితే మణికట్టు నొప్పి అన్నాను. అది కూడా అడిగినదానికి మాత్రమే చెప్పే జవాబు లాంటిదే.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది. కేకు తినేవాళ్లకు పైపూత తప్ప ఏమీ కనపడదు. లోపల ఏముందో లోకంలో మీ ఒక్కరికే తెలుసు. పల్లీలు పడవంటే పల్లినూనె, పల్లిపొడి, పల్లీలు తగిలిన కత్తి ఏవీ పడవనే అర్థం చేసుకోండి. ఒక సామాను బదులు ఇంకోటి పోసేముందు ఎంత చిన్నదైనా ఫోన్ చేసి అడగండి. కేకు పాడైతే పాడవనివ్వండి. ఇవి ఎవరైనా చెబుతారు. దీనికంటే కష్టమైనది ఇంకోటుంది. మీరూ ఏదో ఒకరోజు తప్పు చేస్తారు. ఆ రోజు మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. మీరు దాచిన తప్పు గాల్లో కలిసిపోదు. ఇంకెవరి మీదో పడుతుంది. అది మోసేవాళ్లు మీకంటే బలహీనులై ఉంటారు.

రెండు నెలల తర్వాత శ్రీనివాస్ ఫోన్ చేశాడు. అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"అమ్మను ఇంటికి తీసుకొచ్చినం అక్కా. కాని పోరికి బుక్క తినిపిస్తలేదు. వంటింట్లకు వస్తలేదు. చేతులు కడుగుడు ఆపుతలేదు. మేమెంత చెప్పినా వింటలేదు. నువ్వొచ్చి ఇంకోసారి చెప్తవా?"

నాచారం వెళ్లాను. కవిత తలుపు తీసి లోపలికి నడిచింది. అందరి ముందూ లచ్చమ్మ ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాను. సహస్ర వాళ్ల నానమ్మ భుజానికి ఆనుకుని విన్నది. ఎత్తు పెరిగింది, జడలు వేసుకుంది. నేను ముగించగానే పళ్లెంలో ఉన్న అరటిపండు ఒలిచి నానమ్మ చేతికిచ్చి, "తినిపియ్యి" అంది.

లచ్చమ్మ పండు తీసుకుంది. మనవరాలి మొహం చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. నాకు ఎరుకే" అంది. పండు మళ్లీ పళ్లెంలో పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లింది.